బీల ఒడ్డున ఎర్రచుక్కలు

శ్రీకాకుళం వైపు నుంచి తిరిగొచ్చి మూడు రోజులైంది. చెప్పుల అంచుల్లో బీల మట్టి, అక్కడి నీటిపల్లం మట్టి, ఇంకా వదల్లేదు. అక్కడి మాటలు చెవిలో ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

ఇదంతా ఒక ట్రంకుపెట్టెతో మొదలైంది. దసరాకి విజయనగరం వెళ్ళినప్పుడు అమ్మ వాళ్ళింట్లో అటక దులుపుతుంటే నా బీఎస్సీ నాటి మొక్కల షీట్లు బయటపడ్డాయి. సగం చెదలు తినేశాయి. మిగిలినవాటిలో ఒకదాని మీద రూపాయి బిళ్ళంత మొక్క, ఎండి గోధుమరంగు మరకలా అతుక్కుని ఉంది. కింద నా చేతిరాత: "డ్రోసిరా బర్మన్నీ. కొండవాలు, తడి ఎర్రనేల. 1997 డిసెంబరు." షీట్ల అడుగున ఆనాటి నోట్సు పుస్తకం కూడా ఉంది. ఈ మొక్క కనిపించిన నాలుగు చోట్లు అందులో రాసుకున్నాను. రామతీర్థం అవతల ఒకటి, నౌపడ దగ్గర ఒకటి, సోంపేట బీల, మందస కొండల కింద ఒకటి.

డ్రోసిరా అంటే బళ్ళో కీటకాహార మొక్కల పాఠంలో నెపంథిస్ పక్కన బొమ్మ వేసి భాగాలు గుర్తించిన మొక్కే. పాఠం అందరికీ గుర్తుంటుంది కానీ, అది మన ఊళ్ళ పక్కనే మొలుస్తుందని చాలామందికి తెలియదు. నిలబడి చూస్తే నేల మీద ఎర్రచుక్కలా ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప మొక్క అని తెలియదు. ఆకుల మీది వెంట్రుకల చివర జిగురు బొట్లు మంచులా మెరుస్తాయి కాబట్టే గ్రీకులో మంచు అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. బర్మన్నీ అన్నది సింహళ మొక్కల మీద పుస్తకం రాసిన డచ్చి వృక్షశాస్త్రవేత్త బర్మన్ పేరు. 1794లో మార్టిన్ వాల్ ఆ పేరుతో వర్ణించాడు.

ఆ నాలుగు చోట్లకీ మళ్ళీ వెళ్ళాలనిపించింది. వానలు వెనకబట్టి నేల తడి ఇంకా ఆరని నవంబరు చివర దానికి సరైన సమయం. డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు "నేనూ వస్తానత్తా" అంది. స్కూటీ దానిది, పెట్రోలు నాది.

నవంబరు 26, రామతీర్థం

నెల్లిమర్ల దాటి రామతీర్థం చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ముందు రాములవారి దర్శనం. ఆకులో పెట్టిచ్చిన పులిహోరలో ఆవపిండి ఘాటు ముక్కుకి తగిలింది. చిన్నప్పుడు అమ్మ ఆ ఘాటుకే కళ్ళు తుడుచుకుంటూ తినేది. పక్కనే బోధికొండ, గురుభక్తులకొండ. బౌద్ధులూ జైనులూ ఉన్న కొండలవి. పైకి ఎక్కాలని పిల్లకి ఆశ. సాయంత్రం చూద్దామన్నాను గానీ ఆ సాయంత్రం రాలేదు.

నోట్సులో "గుడి నుంచి ఉత్తరంగా రెండు మైళ్ళు, చింతచెట్టు, ఊట" అని ఉంది. చింతచెట్టు లేదు. ఒకటికి మూడుసార్లు అదే దారిలో తిరిగాం. చివరికి కొండ వాలును బట్టి పోల్చుకున్నాను. ఆ వాలు నిండా ఇప్పుడు నీలగిరి తోట. వరసలు వరసలుగా చెట్లు, కింద ఎండిన ఆకుల పరుపు. ఆకులు పక్కకి తోసి వేలితో నేల తవ్విచూశాను. పొడి. నవంబరులో, వానలు పడ్డ నెల తిరగకుండానే పొడి.

తోటలో కర్ర కొడుతున్న రైతు గొడ్డలి పక్కన పెట్టి వచ్చాడు. ఇక్కడ ఊట ఉండేది కదా బాబూ అని అడిగాను.

"ఉండీది తల్లీ. మా నాయిన దినాల్లో పశువులు ఇక్కడే నీళ్ళు తాగీవి. చెట్లేసినాక ఒకటి రెండేళ్ళకే ఆగిపోనాది. ఈ నేల ఏటికీ పనికిరాదు. చోడి ఏసినా పండదు, గంటి ఏసినా పండదు. నాలుగేళ్ళకోసారి ఈ కర్ర నరికితే చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి."

అతన్ని తప్పుపట్టే మాట నాకు ఒక్కటీ దొరకలేదు. కూతురి పెళ్ళి అప్పు ఈ కర్రతోనే తీర్చానని చెప్పాడు. కానీ "ఏటికీ పనికిరాని నేల" అన్న మాట మాత్రం ఐదు రోజులూ నా వెంట వచ్చింది. డ్రోసిరాకి కావలసింది సరిగ్గా అలాంటి నేలే. సారం లేని ఎర్రమట్టి, పైన పలచగా పారే ఊటనీరు, నీడ లేని ఆకాశం. దాని వేళ్ళు పేరుకి వేళ్ళు, మొక్కను నేలకి పట్టి ఉంచడానికీ నీళ్ళు తాగడానికీ తప్ప పెద్దగా అక్కరకు రావు. మట్టిలో దొరకని నత్రజనిని దోమల నుంచీ చీమల నుంచీ తీసుకుంటుంది. అలా బతకగలదు కాబట్టే ఇంకే మొక్కా మొలవని చోట దానికి జాగా దొరుకుతుంది. మనం ఎరువు చల్లి నేలని బాగుచేస్తే గడ్డి లేస్తుంది, గడ్డి లేస్తే ఇది నీడలో పడి చస్తుంది. చెట్లు వేస్తే అడుగునుంచి నీరు పోతుంది. రెండు దారుల్లోనూ పోయేది ఇదే.

తిరిగొస్తూ విజయనగరంలో గంటస్తంభం దగ్గర పెసరట్టు తిన్నాం. ఇద్దరికీ కలిపి నూట ఇరవై. నోట్సులో మొదటి చోటు పక్కన పిల్ల "లేదు" అని రాసింది.

నవంబరు 27, నౌపడ, తేలినీలాపురం

టెక్కలి దాటాక ఒక మలుపు తప్పాం. తారు రోడ్డు మట్టి రోడ్డైంది, మట్టి రోడ్డు గట్టైంది, గట్టుకి రెండు వైపులా ఉప్పుమళ్ళు. వెనక్కి తిప్పుకునే చోటు లేక చివరిదాకా వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ తాటాకు పాక నీడలో ముగ్గురు ఆడవాళ్ళు మధ్యాహ్నం కూడు తింటున్నారు.

"ఎక్కడకెల్తన్నారమ్మా? ఇటు తోవ నేదు."

తోవ తప్పామని చెప్పాను. పెద్దావిడ మారుమాట లేకుండా రెండు గ్లాసులు కడిగి అంబలి పోసింది. చోడి అంబలి, అంటే రాగి అంబలి, పులిసీ పులవనట్టు, పైన ఉల్లిపాయ ముక్క, కొరుక్కోడానికి పచ్చిమిరపకాయ. ఉప్పు వేయమంటారా అని అడిగితే నవ్వొచ్చింది నాకు. గాలిలోనే ఉప్పుంది, పెదాల మీద తగులుతోంది. ఆవిడ అరచేతుల్లో చర్మం బీటలు తీసి తెల్లగా ఉంది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "అంబలికి డబ్బులేటమ్మా, మళ్ళీ వస్తే తిని ఎల్లండి" అంది. పిల్ల బ్యాగులో ఉన్న కమలాపళ్ళు పక్కనున్న ఆవిడ మనవరాలి చేతిలో పెట్టి వచ్చింది. అవి మాత్రం తీసుకున్నారు.

నా రెండో చోటు ఆ ఉప్పునేలకి పైన, మంచినీటి చెరువు అంచున ఉండేది. ఉప్పునేలలో డ్రోసిరా బతకదు. కానీ ఈ తంపర భూముల్లో, అంటే నీళ్ళు నిలిచే పల్లపు భూముల్లో, వాననీరు ఉప్పునీటిని వెనక్కి నెట్టి నిలబడే గీత ఒకటుంటుంది. ఆ గీతకి పై అంచున ఇసక నేల మీద ఆ రోజుల్లో మొక్కలు చూశాను. ఇప్పుడు అక్కడ రొయ్యల చెరువులు. ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు, గట్ల మీద నీలం తాళ్ళు, కాపలా కుక్క. చెరువులకి ఎక్కించిన ఉప్పునీరు పక్క నేలలోకి దిగుతోంది. గట్టు బయట తుంగ కూడా పసుపుపచ్చగా మాడిపోయింది. పది నిమిషాల్లో తెలిసిపోయింది, ఇంక వెతకడం అనవసరమని. అయినా గంట వెతికాం.

సాయంత్రం తేలినీలాపురంలో మనసు కాస్త కుదుటపడింది. ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. పెరట్లో అంట్లు తోముకుంటున్న ఆవిడ నెత్తిమీద కొమ్మలో మూడు గూళ్ళు. రెట్ట పడదా అంటే, "పడతాది. కడుక్కుంటాం" అంది. అవి రాని ఏడు వానలు పడవని ఇక్కడివాళ్ళ నమ్మకం. చెట్టు కొట్టరు, దీపావళికి పెద్ద చప్పుళ్ళు చెయ్యరు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా చెబుతుంది. ఈ గూడబాతులు మన దేశం పక్షులే, గూళ్ళు కట్టుకోడానికి ఇక్కడికి చేరతాయి. ఆ మాట ఆవిడతో అనలేదు. దూరాన్నించి చుట్టాలు వచ్చినట్టు వాటిని చూసుకుంటోంది, ఆ చూసుకోవడమే వాటికి కావలసింది.

ఆ పక్షులు మేతకి వెళ్ళేది ఈ తంపరలోకే. కాకరాపల్లి తంపరలో థర్మల్ ప్లాంటు వద్దని ఊళ్ళు దీక్షకి కూర్చుంటే 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి. ఈ రోడ్డు మీద ఎవరితో మాట కలిపినా రెండో మాటగా అది వస్తుంది.

నవంబరు 28, సోంపేట బీల

ఈ రోజు గురించి రాయడానికే ఇదంతా రాస్తున్నాను.

బీల అంటే ఏమిటో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. చెరువు అందామంటే గట్టు లేదు, ఏరు అందామంటే పారదు. మహేంద్రగిరి వైపు కొండల నుంచి దిగిన నీరు సముద్రానికి చేరేలోపు పల్లంలో ఆగి, మైళ్ళ పొడవునా పరుచుకున్న నేల. వానాకాలం నీళ్ళు, చలికాలం బురద, ఎండాకాలం పచ్చిక. చేపలు పట్టేవాళ్ళు, తుంగ కోసేవాళ్ళు, పశువులు తోలుకొచ్చేవాళ్ళు, అంచుల్లో వరి వేసేవాళ్ళు, అందరిదీ అదే బీల. కాగితాల మీద దాన్ని పనికిరాని భూమిగా చూపించి 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఈ బీల కోసం నిలబడ్డవాళ్ళ ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఇక్కడి మనుషులు నీటిని చూసుకున్న తీరు వల్లే ఈ పూట నేను వెతకడానికి ఒక బీల మిగిలి ఉంది. నేను వచ్చింది అరచేతిలో పట్టే మొక్క కోసం. వాళ్ళు నిలబడింది కూటి కోసం. రెండూ ఒకే నీటి మీద బతుకుతున్నాయి.

పొద్దున్నే తాటిదోనెలో చేపలకి వెళ్తున్న అతను మమ్మల్ని ఇద్దరినీ కొంతదూరం తిప్పాడు. వంద రూపాయలన్నాడు. ఇద్దరికీ కలిపా అంటే, "ఇద్దరికీని" అన్నాడు. దోనెలో కదలకుండా కూర్చోవాలి, గట్టిగా తుమ్మినా తిరగబడుతుంది. కలువలు అప్పటికింకా మూసుకోలేదు. వాటి మధ్య నీటి మీదికి సన్నటి కాడల చివర పసుపుపచ్చని పూలు లేచి ఉన్నాయి. చెయ్యి ముంచి ఒక తీగ పైకి తీశాను. యుట్రిక్యులేరియా. ఆకుల మధ్య ఆవగింజల్లా తిత్తులు. ఆ తిత్తి మూతకున్న వెంట్రుకని నీటిపురుగు తాకితే చాలు, సెకనులో వెయ్యోవంతు లెక్కలో మూత తెరుచుకుని పురుగుతో సహా నీటిని లోపలికి గుంజుకుంటుంది. పిల్ల లెన్సు పెట్టి చూసి, "అత్తా, ఇందులో ఏదో ఇంకా కదులుతోంది" అంది. దోనె అతను చెయ్యి చాచి తనూ లెన్సు తీసుకుని చాలాసేపు చూశాడు. "రోజూ తెడ్డుకి చుట్టుకుంటాది, దులిపీసుకుంటాను. నోరుందని ఎరగను" అన్నాడు. తీగని మళ్ళీ నీటిలో వదిలేశాం.

ఒడ్డున మాత్రం మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. నోట్సులో రాసుకున్న చోట వరి మడి. గట్టు మీద యూరియా బస్తా ఖాళీది పడి ఉంది, గడ్డి మోకాలెత్తు. కిలోమీటరు ఇటు, కిలోమీటరు అటు వంగి నడిచి నడుం పట్టేసింది. చెట్టు నీడన కూర్చుని ఉంటే గేదెలు తోలుకొస్తున్న ముసలాయన ఆగాడు.

"ఏటమ్మా, ఏటి పారేసుకున్నారు?"

పారేసుకోలేదు తాతా, ఒక మొక్క కోసం వచ్చామన్నాను. ఫోనులో ఫొటో చూపించాను. కళ్ళజోడు లేక పోల్చుకోలేదు. అప్పుడు పిల్ల నేల మీద కూర్చుని, వేలితో ఇసకలో చిన్న గుండ్రం గీసి, చుట్టూ ఆకులు గీసి, "ఎర్రగా ఉంటుంది తాతా, పొద్దున్నే మెరుస్తుంది. ముట్టుకుంటే అంటుకుంటుంది" అని చెప్పింది.

"అంటుకుంటాదా?" ఆయన కాసేపు కర్ర మీద గడ్డం ఆనించాడు. "దాని పేరేటో నాకు తెలీదు గానీ, ఎర్రగా నేలకి అతుక్కుని... గేదెలు నీళ్ళకి దిగే తోవలో ఉంటాది. గెడ్డిలో ఉండదు. రండి."

అది మంద తొక్కి తొక్కి బోడి అయిన దారి. నలభై అడుగుల వెడల్పు ఉంటుందేమో. పైన పలచగా ఇసక, కింద జిగట, అడుగు వేస్తే నీరు పైకి ఊరుతోంది. గిట్టల గుంటల్లో నీళ్ళు నిలిచి ఎండకి తళతళలాడుతున్నాయి. ఆ గుంటల అంచుల మీద, వరసగా, ఎర్రచుక్కలు.

మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఇరవై ఏడేళ్ళు దాటి మళ్ళీ చూస్తున్నాను. గొంతు పట్టేసింది, పిల్ల ఏమిటత్తా అని భుజం పట్టుకుంది.

ఒక మొక్కను దగ్గరగా చూసినది చూసినట్టు చెబుతాను. అర్ధరూపాయంత చుట్టు. ఆకులు గరిటెల్లా, మొదట్లో సన్నగా చివర వెడల్పుగా, నేలకి అదిమినట్టు. ప్రతి ఆకు అంచున పొడవాటి ఎర్ర వెంట్రుకలు, చివర జిగురు బొట్టు. అలా చూస్తుండగా ఒక దోమ ఆకు అంచున వాలింది. కాలు అంటుకుంది. లాక్కోబోయింది, రెక్క అంటుకుంది. నేను ఊపిరి తీసి వదిలేలోపు అంచు వెంట్రుక ఒకటి లేచి దోమని ఆకు మధ్యకి తోసింది. పక్కది, దాని పక్కది. డ్రోసిరాల్లో ఇంత వేగం ఉన్నవి తక్కువ, చాలావాటికి నిమిషాలు పడుతుంది. తర్వాత ఏ చప్పుడూ లేదు, దోమ కాళ్ళు మాత్రం కాసేపు ఆడాయి. ముసలాయన పక్కన గొంతుక్కూర్చుని, "ఇన్నాళ్ళూ దీన్ని తొక్కుకుంటూ పోనాను" అన్నాడు. బాధగా అన్నాడు.

బాధపడొద్దని చెప్పాను. నిజానికి ఈ మొక్క ఇక్కడ ఉన్నది ఆ గేదెల వల్లే అనిపించింది నాకు. గేదెలు మేసి, తొక్కి, గడ్డిని లేవనివ్వకుండా ఆ పట్టీని బోడిగా ఉంచాయి. కొన్ని మొక్కలు గిట్టల కింద నలుగుతాయి, మిగిలినవి గింజ కడతాయి. నల్లటి పొడిలాంటి గింజలు. అవి బురదతో గిట్టలకి అంటుకునే ముందుకు వెళ్తాయనిపించింది, ఎందుకంటే మొక్కలు సరిగ్గా పశువుల దారి వెంటే ఉన్నాయి. 1997లో పొలంగట్ల మీద ఉన్నది ఇప్పుడు ఈ పట్టీలోకి జరిగింది. గట్లని ఎరువు తీసుకుంది, ఈ దారిని పశువులు కాపాడాయి.

మరి మంద ఎన్నాళ్ళు ఉంటుంది తాతా అని అడిగాను.

"మా ఊరిలో అప్పుడు మూడొందలు. ఇప్పుడు నావీ, మా బావవీ కలిపి పాతిక. కుర్రగుంటలెవరూ తోలరు. అలగే ఎల్లిపోతన్నారు, సూరత్తో, చెన్నైయో."

తాడుతో మీటరు చదరాలు కొలిచి లెక్కపెట్టాం. పది చదరాల్లో 143 మొక్కలు. చీకటి పడేదాకా పట్టింది. బారువలో రాత్రి భోజనం కవళ్ళ చేపల పులుసుతో, ప్లేటు నూట యాభై. చింతపండు చిక్కగా, మెంతి వాసనతో. రెండోసారి అన్నం అడక్కుండానే వడ్డించారు. ఆకలి ముఖాన కనిపించి ఉంటుంది.

నవంబరు 29, మందస

జీడితోటల మధ్యగా దారి. ఉద్దానంలో 2018 అక్టోబరు తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరిచెట్ల మొదళ్ళు ఇంకా కొన్ని తోటల్లో అలాగే ఉన్నాయి. వాటి పక్కన కొత్త మొక్కలు మనిషెత్తు దాటాయి. మందసలో కోవా కొన్నాం. ఆకు పొట్లంలో వెచ్చగా ఇచ్చాడు. అరకిలో తీసుకుంటే, "ముందు రుచి చూడండి మేడం, బాగోకపోతే కొనొద్దు" అని చిటికెడు చేతిలో పెట్టాడు. పాలు మరిగి మరిగి అడుగంటే ముందు వచ్చే ఆ వాసన అలాగే ఉంది. విజయనగరం చేరేసరికి పావుకిలో మిగిలింది.

నాలుగో చోటు కొండ కింద జీడితోట అయింది. కలుపు మందు కొట్టిన నేల, చెట్ల కింద ఒక్క ఆకు లేదు. తోట కాస్తున్న కుర్రాడు బాటిల్ నీళ్ళిచ్చి, ఎండలో తిరగొద్దని మందలించాడు. "లేదు" అని రాసుకున్నాం.

తిరుగుదారిలో పిల్ల కుడికి తిప్పాల్సింది ఎడమకి తిప్పింది. రెండు కిలోమీటర్లు పోయాక రోడ్డు వెడల్పు కోసం మట్టి తవ్విన పెద్ద గుంట. ఎర్రమట్టి అడుగుదాకా గీకేశారు. ఒక పక్క కొండ నుంచి ఊట దిగి, గుంట అడుగున వేలెడు లోతు నీరు పలచగా పరుచుకుంది. స్కూటీ ఆపమన్నాను. ఎందుకో నాకే తెలియదు, ఆ తడి ఎరుపు చూసి కాళ్ళు అటు నడిచాయి.

ఇక్కడున్నది ఇంకో జాతి. డ్రోసిరా ఇండికా, జానెడు ఎత్తు, దారాల్లాంటి ఆకులు, గులాబీరంగు పూలు. ముప్పై రెండు లెక్కపెట్టాం. మనుషులు యంత్రం పెట్టి గీకేసిన చోట, ఆ గీకుడు వల్లే బయటపడ్డ సారం లేని నేల మీద, ఎక్కడినుంచో వచ్చి మొలిచాయి. పిల్ల సంబరపడిపోయింది. "అత్తా, అయితే తవ్వడం మంచిదేనా?" అని అడిగింది.

చాలాసేపు ఆలోచించి చెప్పాను. తవ్విన గుంటలోకి రావడానికి దగ్గర్లో ఎక్కడో గింజ ఉండాలి, కొండలో ఊట ఆగకుండా ఉండాలి. పాత చోట్లన్నీ పోయాక గుంటలోకి వచ్చేందుకు గింజ మిగలదు. పైగా ఈ గుంట రేపు చెత్తతోనో మట్టితోనో నిండుతుంది, లేదా పక్కనుంచి గడ్డి దిగుతుంది. ఇది దానికి ఇల్లు కాదు, సత్రం. నాలుగేళ్ళు, ఐదేళ్ళు.

అది తలూపింది గానీ ఒప్పుకున్నట్టు లేదు. ఒప్పుకోకపోవడమే మంచిది, తను నాకంటే ఎక్కువకాలం వీటిని చూస్తుంది.

నవంబరు 30, మళ్ళీ బీల

పొద్దున ఆరింటికి ఇంకోసారి వెళ్ళాం. పాలమీగడ లాంటి మంచు బీల మీద. ముసలాయన మాకోసం తాటి తేగలు కాల్చి గుడ్డలో కట్టి తెచ్చాడు. ఆయనే మధ్యకి చీల్చి, లోపలి చందమామ తీసి పిల్లకిచ్చాడు. చందమామ చిన్నవాళ్ళదట.

నాలుగు కర్రలు పాతి తాడు కట్టి ఆ పట్టీకి కంచె వేద్దామని రాత్రి పిల్లా నేనూ అనుకున్నాం. పొద్దున్న గేదెలు దిగడం చూశాక మానేశాం. కంచె వేస్తే ఒక్క వానకాలంలో గడ్డి కమ్మేస్తుంది. కొలతలు తీసుకుని, నీటిలో ముంచి రంగు మారే కాగితంతో పులుపు చూసి, ఫొటోలు తీసి వచ్చేశాం. ఈసారి ఒక్క మొక్క కూడా పీకలేదు. భస్మాల మందుల కోసం ఈ జాతుల్ని నేల నుంచి ఏరుకుపోయే వాళ్ళున్నారు, కుండీలో పెంచుదామని పట్టుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. కుండీలో మున్సిపాలిటీ నీళ్ళు పోస్తే నెలకి చస్తుంది. అందుకే ఆ దారి ఏ ఊరి పక్కదో ఇక్కడ రాయడం లేదు, అడిగినా చెప్పను.

బయల్దేరేముందు ముసలాయన నా ఫోను నంబరు అట్టముక్క మీద రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయనకి ఫోను లేదు, మనవడిది ఉంది.

నిన్న సాయంత్రం ఆ నంబరు నుంచి ఫోను వచ్చింది. వెనక గేదె గంటలు వినిపిస్తున్నాయి.

"అమ్మా, నానే. మీ ఎర్రదానికి కాడొచ్చింది. తెల్లపువ్వు. పొద్దెక్కితే ఇప్పుకుంటాంది, మజ్జానానికి ముడుసుకుంటాంది. మూడు దినాల్నుంచి చూస్తన్నాను."

ఎన్ని పూలు తాతా అన్నాను.

"లెక్కెట్టనేదు. ఉండు, రేపు లెక్కెట్టి చెప్తాను."